తెల్ల బావి నుండి తెల్ల కొండలకు

ధౌలా కువాన్ అంటే తెల్ల బావి. నైరుతి ఢిల్లీలో రింగు రోడ్డూ, జైపూరు వైపు సాగే జాతీయ రహదారీ కలుసుకొనే కూడలికి ఆ పేరు నిలిచిపోయింది. విమానాశ్రయానికి పోయేవారూ, గుర్‌గావ్ కార్యాలయాలకు పరుగులు తీసేవారూ ఈ కూడలిని దాటిపోతారే గాని, ఆగి చుట్టూ చూసేవారు తక్కువ. ఆగి చూసిన తెలుగువానికి మాత్రం ఇక్కడ రెండు ఆత్మీయమైన గుర్తులు కనిపిస్తాయి. ఒకటి, తిరుమల తిరుపతి దేవస్థానంవారు 1961లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల. రెండవది, ఆ కళాశాల అవతరణకు ఎంతో పాటుపడిన డాక్టర్ దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు ధరించిన మెట్రో స్టేషను. రాజమండ్రిలో పుట్టి, రాజ్యాంగ సభలో కూర్చున్న ఆ తల్లి పేరును 2018 నుండి ఈ స్టేషనులో నిత్యం వేలాది మంది పలుకుతున్నారు.

ఆ కళాశాల ఉన్న బెనితో హువారెజ్ మార్గంలోనే మరొక సంస్థ ఉన్నది. దాని ఆవరణలో నిటారుగా లేచిన కృత్రిమ శిలారోహణ గోడలను చూస్తేనే అది సామాన్య కార్యాలయం కాదని తెలుస్తుంది. అదే ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్. మన దేశంలో పర్వతారోహణకు సంబంధించిన అత్యున్నత సంస్థ ఇది. 1958లో చో ఓయూ శిఖరానికి పోయిన తొలి భారతీయ బృందానికి తోడ్పడేందుకు ఏర్పడిన సంఘమే దీనికి మూలం. ఆ ఏడాది మే 15న సోనమ్ గ్యాట్సో, పసంగ్ దావా లామా ఆ శిఖరాన్ని చేరుకున్నారు. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరంపై భారతీయ బృందానికి లభించిన మొదటి విజయం అది. ఆ సంఘం 1961లో నేటి పేరుతో నమోదయింది. అంటే మన తెలుగు కళాశాలా, ఈ పర్వత సంస్థా ఒకే ఈడువి, ఇరుగుపొరుగువి.

ఈ ఇరుగుపొరుగుతనం మన యువతీయువకులకు ఇంకా తగినంత ఉపయోగపడలేదనిపిస్తుంది. డిసెంబరు వచ్చిందంటే హైదరాబాదు నుండి, విజయవాడ నుండి, విశాఖ నుండి ఎందరో వీపున సంచి తగిలించుకొని ఢిల్లీ మీదుగా మంచు కొండలకు ప్రయాణమవుతున్నారు. సంతోషించవలసిన విషయమే. అయితే చలి అన్నది మన ఇళ్లలో తాతలు, అమ్మమ్మలు నేర్పిన విద్య కాదు. ఎండకు తలపాగా చుట్టాలనీ, మజ్జిగ తాగి బయలుదేరాలనీ మనకు పుట్టుకతో తెలుసు. మంచులో ఏమి చేయాలో ఎవరో చెప్పాలి, మనం నేర్చుకోవాలి. ఈ నెల మన శీర్షిక ఆ విద్యను గూర్చి.

లెక్క వేసి చూడండి

ఎత్తు పెరిగేకొద్దీ గాలి చల్లబడుతుంది. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల సెల్సియస్ తగ్గుతుందని స్థూలమైన లెక్క. ఢిల్లీ సముద్ర మట్టానికి దాదాపు 215 మీటర్ల ఎత్తున ఉన్నది. శీతకాలపు యాత్రికులు ఎక్కువగా ఎంచుకొనే ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠా శిఖరం ఎత్తు దాదాపు 3,800 మీటర్లు. కనుక ధౌలా కువాన్‌లో మధ్యాహ్నం పద్దెనిమిది డిగ్రీల హాయియైన ఎండ కాస్తున్న వేళ, ఆ శిఖరం మీద సున్నాకు అయిదు డిగ్రీలు దిగువన ఉండవచ్చు. అక్కడ గంటకు ముప్పై కిలోమీటర్ల గాలి వీచిందా, ఒంటికి తగిలే చలి సున్నాకు పదమూడు డిగ్రీలు దిగువన ఉన్నట్లే. ఇది పట్టపగటి మాట. రాత్రి సంగతి చెప్పనక్కరలేదు.

గాలికి ఇంత బలం ఎక్కడిది? మన చర్మాన్ని అంటిపెట్టుకొని వెచ్చటి గాలి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. వీచే గాలి దానిని ఎప్పటికప్పుడు ఊడ్చివేస్తుంది. గాలి కన్నా పెద్ద శత్రువు తడి. నీరు గాలి కంటే దాదాపు ఇరవై అయిదు రెట్లు వేగంగా శరీరంలోని వేడిని లాగివేస్తుంది. కనుక మంచు కొండల్లో మనిషికి మొదటి అపాయం ఆకాశం నుండి రాదు, తన చెమట నుండే వస్తుంది. ఉన్నవన్నీ తొడుక్కొని, బరువు మోస్తూ ఎగువకు నడిచినవాడు అరగంటలో తడిసిపోతాడు. ఆగిన మరుక్షణం ఆ చెమట మంచునీరవుతుంది.

అందుచేత అనుభవజ్ఞులు మొదట చెప్పే నియమం వినడానికి వింతగా ఉంటుంది. బయలుదేరేటప్పుడు కొద్దిగా చలి వేస్తూ ఉండాలి. నడక మొదలయ్యాక ఒళ్లు దానంతట అదే వేడెక్కుతుంది. చెమట పట్టబోతున్నదని తోచగానే ఒక పొర విప్పాలి. ఆగగానే, చలి వేయక ముందే, దానిని తిరిగి తొడగాలి.

మూడు పొరలు

ఒకే లావుపాటి కోటు కంటే మూడు పలుచని పొరలు మేలు. పొరకు పొరకు మధ్య నిలిచే గాలే అసలైన రక్షణ. ఒంటికి తగిలే పొర చెమటను పీల్చి బయటికి పంపేదై ఉండాలి. సన్నని ఉన్నిది గాని, పాలియెస్టరుది గాని పనికివస్తుంది. మధ్య పొర వేడిని నిలిపేది. ఉన్ని స్వెటరో, ఫ్లీసో, పక్షి ఈకలు నింపిన జాకెట్టో సరిపోతుంది. పై పొర గాలినీ, మంచునూ ఆపేది. ఈ మూడింటిలో నూలుకు మాత్రం చోటు లేదు. మన ఎండలకు నూలును మించిన వస్త్రం లేదన్నది నిజమే. కాని తడిసిన నూలు ఆరదు, వేడిని నిలుపదు. నూలు బనియనూ, జీన్స్ ప్యాంటూ ఢిల్లీలోనే వదిలిపెట్టి వెళ్లడం మంచిది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. గొర్రెల కాపరి గొంగడిని విడువకపోవడంలోని రహస్యం అదే.

తలకు చెవులు కప్పే ఉన్ని టోపీ, చేతులకు రెండు జతల తొడుగులు, కనీసం మూడు జతల ఉన్ని మేజోళ్లు ఉండాలి. వాటిలో ఒక జత నిద్రకే కేటాయించి, పగలు దానిని తాకకూడదు. చలికని చెప్పి రెండేసి మేజోళ్లు తొడిగి, బిగుతైన బూట్లలో పాదాలను కుక్కుకొనేవారున్నారు. అలా చేస్తే రక్తప్రసారం తగ్గి పాదాలు మరింత చల్లబడతాయి. మంచు మీద పడిన ఎండ కళ్లను కాల్చివేస్తుంది గనుక నల్ల కళ్లద్దాలు అలంకారం కాదు, అవసరం.

దాహం వేయకపోయినా నీరు తాగుతూ ఉండాలి. చలిగాలి పొడిగా ఉంటుంది. ఊపిరి విడిచిన ప్రతిసారీ కొంత తేమ పోతూనే ఉంటుంది. మంచు తిని దాహం తీర్చుకోవచ్చునని కొందరి భ్రమ. ఒక గ్రాము మంచును నీరు చేయడానికి ఎనభై కెలోరీల వేడి కావాలని పాఠశాలలో చదువుకున్నదే. ఆ వేడి మన ఒంట్లో నుండే పోవాలి. నీటి సీసాను తలకిందులుగా పెట్టుకుంటే గడ్డకట్టడం అడుగున మొదలవుతుంది, మూత దగ్గర నీరు నీరుగానే ఉంటుంది. ఖర్జూరాలు, వేరుశనగ పట్టీలు, బెల్లం లోపలి జేబులో ఉంచుకొని గంటకోసారి కొద్దికొద్దిగా తినాలి. కడుపు మాడ్చుకున్నవానికి ఏ కోటూ వెచ్చదనం ఇవ్వదు.

రాత్రివేళ

గుడారంలో చలి పైనుండి వచ్చినంతగా కింది నుండి కూడా వస్తుంది. ఎంత ఖరీదైన స్లీపింగ్ బ్యాగ్ అయినా, మన బరువు కింద నలిగిన భాగం వేడిని ఆపలేదు. అందుకే కింద దళసరి ఫోమ్ చాప తప్పనిసరి. పగలు తొడిగిన తడి బట్టలన్నీ మార్చి, పొడి బట్టలతోనే పడుకోవాలి. మూత గట్టిగా బిగించిన వేడినీటి సీసాను పాదాల వద్ద ఉంచుకుంటే తెల్లవారేదాకా ఉపకారం చేస్తుంది. టార్చి బ్యాటరీలను కూడా పక్కలోనే పెట్టుకోవాలి, చలికి అవి నీరసిస్తాయి.

చేయకూడని పనులు రెండున్నాయి. మూసిన గుడారంలో స్టవ్ గాని, బొగ్గుల కుంపటి గాని వెలిగించి నిద్రపోరాదు. వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఉత్తరాదిన మూసిన గదుల్లో కుంపటి పెట్టుకొని పడుకున్నవారి మరణవార్తలు శీతకాలంలో పత్రికల్లో చదువుతూనే ఉంటాం. రెండవది మద్యం. అది చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. అందువల్ల వెచ్చగా ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. నిజానికి లోపలి వేడి అంతా బయటికి పోతూ ఉంటుంది.

సామెత నిజమయ్యే వేళ

నిండా మునిగినవానికి చలి లేదన్నది మన సామెత. మంచు కొండల్లో ఈ సామెతకు భయంకరమైన అర్థం ఉన్నది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల నుండి 35 కన్నా కిందికి జారితే దానిని వైద్యులు హైపోథెర్మియా అంటారు. మొదట వణుకు పుడుతుంది. అది శరీరం చేసే ఆత్మరక్షణ. ఆ తరువాత మాట తడబడుతుంది, అడుగు తడబడుతుంది, బొత్తాములు పెట్టుకోవడం చేతకాదు, కారణం లేని చిరాకు కలుగుతుంది. ఇంకా దిగజారితే వణుకు ఆగిపోతుంది. చలి తగ్గిందని తోడున్నవారు సంతోషిస్తారు. కాని అది ప్రమాదం ముదిరిందనడానికి గుర్తు. ఆ దశలో కొందరు ఒళ్లు మండుతున్నదంటూ ఉన్న బట్టలు విప్పుకోవడం కూడా వైద్యులకు తెలిసిన విషయమే. నిజంగా మునిగినవానికే చలి తెలియదు.

ఈ స్థితిని రోగి తాను గుర్తించలేడు, పక్కవారే గుర్తించాలి. ఒంటరి ప్రయాణం కూడదనడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు. తోటివాని మాట ముద్దగా వస్తున్నదనిపించగానే నడక ఆపాలి. గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు తీసి, పొడివి తొడిగి, కింద చాప వేసి, పైన ఉన్నవన్నీ కప్పాలి. స్పృహలో ఉండి మింగగలిగితే వేడిగా, తియ్యగా ఏదైనా తాగించాలి. చేతులూ కాళ్లూ మర్దన చేయరాదు. వణుకు ఆగి మగతలోకి జారినవానిని అతి సుకుమారంగా కదిలించాలి, వెంటనే సహాయానికి మనిషిని పంపాలి. వేళ్లు, చెవులు, ముక్కు కొన తెల్లబడి స్పర్శ కోల్పోతే అది మంచుకాటు. దానిని మంచుతో రుద్దడం మూర్ఖత్వం. తిరిగి గడ్డకట్టే ప్రమాదం లేని చోటికి చేరిన తరువాతనే గోరువెచ్చని నీటిలో ఉంచాలి.

చలికి తోడు ఎత్తు వలన కలిగే అస్వస్థత మరొకటి ఉన్నది. 2,500 మీటర్లు దాటినప్పటి నుండి అది ఎవరికైనా రావచ్చు. కండబలానికి దానికి సంబంధం లేదు. మూడు వేల మీటర్ల పైన, రాత్రి పడుకొనే చోటు ముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి ఎక్కువ ఎత్తున ఉండకూడదన్నది మంచి నియమం. తలనొప్పి, వాంతి మొదలైతే పైకి పోరాదు. ఆయాసం, దగ్గు, మతి భ్రమ కనిపిస్తే ఆ రాత్రికి రాత్రే కిందికి దింపాలి. దిగడమే దానికి అసలైన మందు.

మనవారి అడుగుజాడలు

విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాలలో లెఫ్టినెంట్ ఎం. ఉదయ భాస్కరరావు విగ్రహం ఉన్నది. ఆ పాఠశాల పూర్వవిద్యార్థి అయిన ఆయన 1985లో ఎవరెస్టు యాత్రలో ప్రాణాలర్పించారు. ఆ విగ్రహాన్ని చూస్తూ పెరిగిన నెల్లూరు జిల్లా బాలుడే మల్లి మస్తాన్ బాబు. ఆయన 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో అధిరోహించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. అంతటి దిట్ట 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదట్లో ఆయన దేహం లభించింది. ఆయన ధైర్యాన్ని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. అంతటి అనుభవశాలి విషయంలోనూ కొండ మినహాయింపు ఇవ్వలేదని గుర్తుచేయడానికే.

ఇక నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండక ముందే ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. ఆ పిల్లల సాహసాన్ని అందరూ కొనియాడారు. కాని ఆ సాహసానికి ముందు జరిగినదానిని గమనించాలి. మొదట భువనగిరి ఏకశిల మీద శిలారోహణ, తరువాత డార్జిలింగులోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ, ఆపైన నడి శీతకాలంలో లడఖ్‌లో అభ్యాసం. మంచును ఎన్నడూ ఎరుగని తెలంగాణ పల్లె పిల్లలు మెట్టు మెట్టుగా చలిని చదువుకున్నారు. వారిని శిఖరానికి చేర్చింది ఆ చదువే.

చదువు ఎంత ఉన్నా, వాతావరణం తిరగబడినప్పుడు వెనుదిరగడమే మిగిలిన ఉపాయం. 2024 జూన్‌లో ఉత్తరకాశీ ప్రాంతపు సహస్రతాల్ మార్గంలో, కర్ణాటక నుండి వచ్చినవారే అధికంగా ఉన్న బృందం మంచు తుపానులో చిక్కుకొని, తొమ్మిది మంది మరణించారు. అది శీతకాలం కాదు, మన ఊళ్లలో వేసవి సెలవులు ముగిసే రోజులు. ఎత్తైన చోట ఏ నెలలోనైనా శీతకాలం దిగవచ్చు. కనుక ఇంత గంటకు శిఖరం చేరకపోతే, ఎంత దగ్గరలో ఉన్నా తిరిగి వచ్చేస్తామని బయలుదేరక ముందే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం పైన, అలసట మధ్య తీసుకొనేది కాదు, కింద తెలివి చల్లగా ఉన్నప్పుడు తీసుకొనేది. కొత్త మంచు విపరీతంగా కురిసిన మరునాడు, ముప్పై నుండి నలభై అయిదు డిగ్రీల వాలు గల చరియల కిందికి పోరాదు. మంచు చరియలు విరిగిపడేది ఎక్కువగా అక్కడే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి పాఠానికి హిమాలయాల దాకా పోనక్కరలేదు. విశాఖ మన్యంలోని లంబసింగిని అక్కడివారు కొర్రబయలు అంటారు. బయట పడుకున్నవాడు తెల్లవారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఆ ఊరిలో కొన్ని జనవరి ఉదయాలు సున్నా దరిదాపులకు చేరుకుంటాయి. అక్కడ రెండు రాత్రులు గుడారంలో గడిపితే మీ చాప ఎంత పలుచనిదో, మీ సంచిలో అనవసరమైనవి ఎన్నో తెలిసిపోతుంది. పొరపాటు జరిగినా అక్కడ నడిచి పోయేంత దూరంలో ఊరు ఉంటుంది. సంచి బరువు మీ బరువులో అయిదవ వంతుకు దగ్గరగా ఉండేట్లు సర్దుకొని, మీ ఊరి కొండనే వారానికి రెండుసార్లు ఎక్కి దిగండి.

రెండవ మెట్టు ముస్సోరీకి సమీపంలోని నాగ్ టిబ్బా. దాదాపు మూడు వేల మీటర్ల ఎత్తు, రెండు రోజుల నడక. ఆ తరువాతనే కేదార్‌కాంఠా వంటివి. హైదరాబాదు నుండి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో గాని, విశాఖ నుండి ఎ.పి. ఎక్స్‌ప్రెస్‌లో గాని ఢిల్లీ చేరి, కశ్మీరీ గేటు బస్టాండులో రాత్రి బస్సు ఎక్కితే ఉదయానికి డెహ్రాడూన్. అక్కడి నుండి సాంక్రీ గ్రామానికి ఒక పగటి ప్రయాణం. ఆ గ్రామపు మార్గదర్శిని వెంట తీసుకోండి. మనం పుస్తకంలో చదివే మంచును అతడు పుట్టినప్పటి నుండి తొక్కుతున్నాడు. అతడు వద్దన్న రోజున ఆగిపోండి. మీరు ఎప్పుడు, ఏ దారిన పోయి, ఏనాటికి తిరిగి వస్తారో ఒక కాగితం మీద రాసి ఇంట్లోనూ, అటవీశాఖ చెక్‌పోస్టులోనూ ఇచ్చి వెళ్లండి.

ఇంకా ముందుకు పోదలచినవారికి డార్జిలింగులో 1954లోనూ, ఉత్తరకాశీలో 1965లోనూ నెలకొన్న శిక్షణ సంస్థలు సుమారు నాలుగు వారాల ప్రాథమిక శిక్షణ ఇస్తున్నాయి. అటువైపు పోయే దారిలో, రైలుకూ బస్సుకూ మధ్య ఒక పూట విరామం దొరికితే ధౌలా కువాన్‌లో దిగండి. ఫౌండేషన్ ఆవరణలోని మ్యూజియంలో మన దేశపు పర్వతారోహణ చరిత్ర ఉన్నది. గోడల మీద చిన్నపిల్లలు తాళ్లు కట్టుకొని పైకి పాకుతుంటారు. కాసేపు గమనిస్తే ఒక సంగతి అర్థమవుతుంది. వారికి అక్కడ మొదట నేర్పేది ఎక్కడం కాదు, ముడి వేసుకోవడం. తరువాత క్షేమంగా దిగడం.

శిఖరం యాత్రలో సగం మాత్రమే. మిగిలిన సగం ఇంటి గుమ్మం దగ్గర ముగుస్తుంది. పొడి మేజోళ్లు, నిండిన కడుపు, పక్కన ఒక తోడు, వేళకు వెనుదిరిగే వివేకం ఉన్నవానికి తెల్ల కొండలు ప్రతి ఏటా స్వాగతం పలుకుతూనే ఉంటాయి.